ఇంకుడు గుంతలో ఉప్పు

"ఏందిరా, ఊరందరికీ ఆవకాయ పెట్టే కాంట్రాక్టు ఏమన్న పట్టినవా?" అన్నాడు మా నాన్న, నేను నాలుగో ఉప్పు బస్తా భుజం మీంచి దించుతుంటే.

నిజమే మరి. నెలకి దగ్గరదగ్గర నాలుగు బస్తాలు. ఒక్కోటి 25 కిలోలు. ఐదుగురం ఉన్న ఇల్లు మాది, కూరల్లోకి ఏమాత్రం ఉప్పు పడుతుంది? మిగతాదంతా వెనక వరండాలో నిలబడ్డ వాటర్ సాఫ్ట్‌నర్ అనే మహాతల్లి తాగేస్తోంది. పద్నాలుగు నెలలు అలా తాగించాను. నాన్న ఆ మాట అనకపోతే ఇంకా తాగిస్తూనే ఉండేవాణ్ణేమో.

ఆఫీసులో నా పని ఏమిటంటే, ఎవడో ఎప్పుడో పెట్టిన డిఫాల్ట్ విలువల వల్ల సర్వర్లు ఎందుకు డబ్బు తగలేస్తున్నాయో కనిపెట్టి సరిచేయడం. ఇంటికొచ్చి అదే తప్పు ఏడాదిపైగా చేశాను. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇదే జరుగుతోందని నా గట్టి అనుమానం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. లెక్కలు వస్తాయి, భయపడకండి. కూడికలూ గుణింతాలే.

ముందు మా ఇంటి సంగతి. హైదరాబాదులో బాచుపల్లి వైపు ఇండిపెండెంట్ ఇల్లు. జలమండలి నీళ్ళు వస్తాయి కానీ ఐదుగురికి అన్నిటికీ చాలవు. మిగతాది బోరు. ఆ నీళ్ళని మా అమ్మ "ఉప్పు నీళ్ళు" అంటుంది. నిజానికి వాటిలో ఉన్నది ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం. పదో తరగతిలో కఠిన జలం, మృదు జలం అని చదువుకున్నాం చూడండి, అదే. గీజరు రాడ్డు సున్నం కట్టి రెండేళ్ళకే చచ్చిపోయింది. షవర్ కన్నాలు మూసుకుపోయాయి. బాత్రూం గాజు తలుపు మీద తెల్ల మరకలు యాసిడ్ వేస్తే తప్ప పోవు. సరే అని ఒక సాఫ్ట్‌నర్ కొన్నాం.

అమ్మడానికి వచ్చినాయన గీజరు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. జుట్టు గురించే అరగంట మాట్లాడాడు. ఐటీ వాళ్ళ బలహీనత అక్కడే ఉందని వాళ్ళకి బాగా తెలుసు. బోరు నీళ్ళ వల్లే జుట్టు ఊడుతోందనీ, చర్మం పొడిబారుతోందనీ, మూడు నెలల్లో తేడా చూడండనీ అన్నాడు. నా జుట్టు ఊడింది ఆన్‌కాల్ వల్లా, మా తాత జీన్స్ వల్లా అని నాకు తెలుసు కాబట్టి నేను పడిపోలేదు. చర్మం సంగతి మాత్రం తర్వాత వెతికి చూశాను. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద ఒక ట్రయల్ చేసి 2011లో ప్రచురించారు. సగం మంది ఇళ్ళల్లో సాఫ్ట్‌నర్ పెట్టారు, సగం మందికి మామూలు వైద్యమే. జబ్బు తీవ్రతలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి సాఫ్ట్‌నర్ కొనాలంటే గీజరు కోసం, వాషింగ్ మెషీన్ కోసం, పైపుల కోసం కొనండి. ఆ పని అది నిజంగానే బాగా చేస్తుంది.

ఎలా చేస్తుందో ఒక్క పేరాలో చెప్పేస్తాను. పొడుగాటి సిలిండరులో ఆవాల కన్నా చిన్న ప్లాస్టిక్ పూసలు ఉంటాయి. వాటినే రెజిన్ అంటారు. ఒక్కో పూసకీ సోడియం అంటుకుని ఉంటుంది. నీళ్ళు పూసల మధ్య నుంచి పోతున్నప్పుడు కాల్షియం, మెగ్నీషియం పూసలకి అతుక్కుని, వాటి బదులు సోడియం నీళ్ళలోకి దిగుతుంది. కొన్నాళ్ళకి పూసలన్నీ కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు పక్కనున్న డబ్బాలోంచి చిక్కటి ఉప్పు నీళ్ళు లాగి పూసల మీదుగా పంపిస్తే, కాల్షియం ఊడి డ్రెయిన్‌లోకి పోయి, పూసలకి మళ్ళీ సోడియం పడుతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే రాత్రి రెండింటికి నడిచే క్రాన్ జాబ్. మొత్తం ఆట ఇంతే. ఆ క్రాన్ జాబ్ ఎన్ని రోజులకోసారి నడవాలి, నడిచినప్పుడల్లా ఎంత ఉప్పు వాడాలి, ఈ రెండు సంఖ్యలే మొత్తం ఖర్చుని తేలుస్తాయి.

మా ఇంట్లో ఆ రెండు సంఖ్యలూ పెట్టింది ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన సర్వీసు కుర్రాడు. నీళ్ళ హార్డ్‌నెస్ కొలవలేదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారని కూడా అడగలేదు. రెండ్రోజులకోసారి, ఫుల్ డోసు. "సార్, సేఫ్ సైడ్ ఉంటది" అన్నాడు. అతన్ని తిట్టి లాభం లేదు. వాడు రోజుకి ఆరిళ్ళు తిరగాలి. నీళ్ళు గట్టిగా వచ్చాయని ఫోనొస్తే మళ్ళీ వాడే రావాలి, ఉప్పు ఎక్కువవుతోందని మాత్రం ఎవడూ ఫోన్ చేయడు. వాడి జాగాలో నేనున్నా అదే పెట్టేవాణ్ణి. కానీ బిల్లు కట్టేది మనం కదా.

నాన్న మాట అన్న ఆదివారం కూర్చుని లెక్కేశాను. ముందుగా కొలత. దీనికి టీడీఎస్ మీటరు పనికిరాదు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, దీని మీద చాలా వ్యాపారం నడుస్తోంది. పెన్నులాంటి టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. సాఫ్ట్‌నర్ లవణాలని తీసేయదు, ఒకదాని బదులు ఇంకోటి పెడుతుంది. 40 మిల్లీగ్రాముల కాల్షియం పోతే 46 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. అంటే సాఫ్ట్‌నర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా టీడీఎస్ తగ్గదు, కాస్త పెరిగినా పెరగొచ్చు. మా వీధిలోనే ఒకాయనకి ఇలాగే మీటరు ముంచి చూపించి, "చూడండి సార్, లోపలికి 780, బయటికి 790. రెజిన్ అయిపోయింది" అని చెప్పి కొత్త రెజిన్ వేసి పోయారు. ఆయన బ్యాంకులో పెద్ద మేనేజరు, తక్కువ తెలివైనవాడేం కాదు. అంకె కనబడితే మనం నమ్మేస్తాం, అదీ సంగతి.

హార్డ్‌నెస్ కొలిచే చుక్కల కిట్ వేరే ఉంటుంది. కొలపాత్రలో నీళ్ళు పట్టి, బఫరు, రంగు వేస్తే ద్రాక్షరంగులోకి తిరుగుతాయి. తర్వాత ఇంకో సీసాలోంచి చుక్కచుక్కగా వేస్తూ పోతే ఒక చుక్క దగ్గర టక్కున నీలంలోకి మారుతుంది. ఎన్ని చుక్కలు పడ్డాయో దాన్నిబట్టి హార్డ్‌నెస్. ఇంటర్‌లో టైట్రేషన్ చేయకుండా రికార్డు మాత్రం రాసినవాళ్ళు (నాతో కలిపి) ఇప్పుడైనా ఆ సరదా తీర్చుకోవచ్చు. మా బోరు నీళ్ళు లీటరుకి 480 మిల్లీగ్రాములు వచ్చాయి. తాగునీటికి బీఐఎస్ పెట్టిన ప్రమాణం 200, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మాది ఆ రెండిటి మధ్యలో.

ఇక లెక్క. సాఫ్ట్‌నర్ ద్వారా రోజుకి మేం వాడేది 600 లీటర్లు. 600ని 0.48తో గుణిస్తే రోజుకి 288 గ్రాముల గట్టిదనం తీయాలి. మా సిలిండరులో రెజిన్ 25 లీటర్లు. ఫుల్ డోసు అంటే లీటరు రెజిన్‌కి 240 గ్రాముల చొప్పున 6 కిలోల ఉప్పు. ఆ డోసుతో లీటరు రెజిన్ సుమారు 69 గ్రాములు లాగుతుంది, అంటే మొత్తం 1,725 గ్రాములు. మాకు ఆరు రోజుల పని. ఆరు రోజులు నడిచే బ్యాటరీని రెండ్రోజులకోసారి మళ్ళీ నిండా ఛార్జ్ చేస్తున్నామన్నమాట. నెలకి 15 సార్లు, సారికి 6 కిలోలు, మొత్తం 90 కిలోలు. నాన్న ఆవకాయ కాంట్రాక్టు లెక్క సరిగ్గా సరిపోయింది.

అసలు మజా ఇక్కడుంది. డోసు ఆరు కిలోల నుంచి 2.4 కిలోలకి తగ్గిస్తే, అంటే లీటరు రెజిన్‌కి 96 గ్రాములు, కెపాసిటీ కూడా అదే దామాషాలో పడిపోతుందనుకుంటాం. పడదు. 69 నుంచి సుమారు 46కి మాత్రమే తగ్గుతుంది. ఉప్పు 60 శాతం తగ్గింది, పని మూడో వంతే తగ్గింది. మొదటి రెండు కిలోల ఉప్పు చేసే పని చివరి రెండు కిలోలు చేయవు. సులువుగా వదిలే కాల్షియం ముందే వదిలేస్తుంది, మిగిలిన మొండి దాన్ని ఊడబెరకడానికే చివరి కిలోలన్నీ పోతాయి. మన టెస్ట్ కవరేజీ 80 నుంచి 100కి తీసుకెళ్ళడం లాంటిది.

కాబట్టి 46 చొప్పున 25 లీటర్ల రెజిన్‌కి 1,150 గ్రాములు. దాన్ని 0.48తో భాగిస్తే దాదాపు 2,400 లీటర్లు. చుట్టాలొచ్చిన రోజు, బోరు ఇంకాస్త గట్టిపడే ఎండాకాలం, వీటి కోసం కొంత వదిలేసి 2,000 లీటర్లు అని పెట్టాను. అంటే నెలకి తొమ్మిది సార్లు, సారికి 2.4 కిలోలు, మొత్తం 22 కిలోల లోపే. నాలుగు బస్తాల చోట ఒకటి. కొత్త సామాను ఏమీ కొనలేదు, రెండు సంఖ్యలు మార్చానంతే.

ఎలా మార్చాలంటారా? చాలా వాల్వుల్లో "ఉప్పు ఎంత" అని సూటిగా అడగదు. "రీఫిల్ ఎన్ని నిమిషాలు" అని అడుగుతుంది. రీజనరేషన్ చివర్లో ఉప్పు డబ్బాలోకి కొంచెం నీళ్ళు వదులుతుంది, ఆ నీళ్ళు కరిగించుకున్నంత ఉప్పే వచ్చేసారి వాడకం. లీటరు నీళ్ళు సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగించుకుంటాయి. 2.4 కిలోలకి 6.7 లీటర్లు కావాలి. మా వాల్వు నిమిషానికి 1.9 లీటర్లు వదులుతుంది కాబట్టి మూడున్నర నిమిషాలు. ఇదివరకు 9 నిమిషాలు ఉండేది. మీ వాల్వు ఎంత వదులుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. లేకపోతే ఉప్పు డబ్బాలోకి వెళ్ళే సన్న ట్యూబు ఊడదీసి, రీఫిల్ టైములో ఒక నిమిషం బకెట్‌లో పట్టి కొలవండి. డోసు తగ్గించేముందు ఒకటి రెండుసార్లు ఫుల్ డోసుతో రీజనరేషన్ చేయించండి. రెజిన్ మొత్తం కాల్షియంతో నిండిపోయి ఉంటే చిన్న డోసు దాన్ని ఎప్పటికీ పూర్తిగా తేర్చలేదు.

రోజుల లెక్కన కాకుండా లీటర్ల లెక్కన నడిచే వాల్వు అయితేనే ఇదంతా బాగా కుదురుతుంది. మాదాంట్లో మీటరు ఉంది, కానీ కుర్రాడు దాన్ని వాడకుండా రోజుల మోడ్‌లో పెట్టాడు! సంక్రాంతికి మేం వారం రోజులు ఊరెళ్ళినప్పుడు కూడా ఇది నమ్మకంగా రెండ్రోజులకోసారి లేచి, ఎవరూ వాడని నీళ్ళ కోసం ఆరేసి కిలోల ఉప్పు డ్రెయిన్‌లో పోసింది.

ఇంతవరకూ అయితే ఇది డబ్బుల కథ. నెలకి మూడు బస్తాల ఉప్పు మిగిలితే ఎంత మిగులుతుందిలెండి, ఇద్దరం సినిమాకెళ్ళి పాప్‌కార్న్ కొంటే అయిపోతుంది. దాని కోసమైతే ఇంత రాసేవాణ్ణి కాదు.

లెక్కేసిన రోజే డ్రెయిన్ పైపు ఎక్కడికి పోతోందా అని వెతికాను. పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ చూడలేదు. గోడవారగా పోయి, గులాబీ కుండీల వెనకనుంచి తిరిగి, నేరుగా ఇంకుడు గుంతలోకి దిగింది.

ఇంకుడు గుంత అంటే హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2000లో నీరు-మీరు అని గోడల మీద రాతలు రాసినప్పటి నుంచీ వింటున్నాం. వాన నీళ్ళు భూమిలోకి ఇంకి మన బోరు నిండాలని గులకరాళ్ళు, ఇసుక పోసి తవ్వించుకునే గుంత. మాది బోరుకి పన్నెండు అడుగుల దూరంలో ఉంది. అంటే 90 కిలోల చొప్పున పద్నాలుగు నెలలు, టన్నుంబావు ఉప్పు, మా బోరు పక్కనే భూమిలోకి దింపాం. దాంతోపాటు పూసలు వదిలిన కాల్షియం, మెగ్నీషియం కూడా. బోరులోంచి తీసిన గట్టిదనాన్ని మళ్ళీ బోరుకే తిరిగిచ్చి, పైన ఉప్పు వడ్డీ కూడా కట్టాం. కుర్రాడికి దగ్గర్లో కనబడిన గుంత అదే. నాకు కనబడనే లేదు.

మన బోర్లు గ్రానైట్ రాళ్ళ పగుళ్ళలోంచి నీళ్ళు తాగుతాయి. ఆ పగుళ్ళు మా కాంపౌండ్ గోడ దగ్గర ఆగవు. నేను పోసిన ఉప్పు నా బోరుకే వస్తుందో, పక్కింటి బోరుకి పోతుందో ఎవరు చెప్పగలరు? పక్కింటివాళ్ళకి సాఫ్ట్‌నర్ లేదు. ఆ ఇంటి పెద్దావిడ బోరు నీళ్ళతోనే మొక్కలు పెంచుతుంది. ఒక సాయంత్రం గోడవతల నుంచి మా అమ్మతో "ఏమో అక్కా, ఈ ఏడు కరివేపాకు చెట్టు ఆకు కొసలన్నీ మాడిపోతున్నయి" అంటుంటే విన్నాను. అది నా ఉప్పేనని నేను నిరూపించలేను. కాదని కూడా అనలేను. ఇంటికెళ్ళి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. విని ఆవిడ ఏమీ అనలేదు, "పైపు మార్చినవా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

మార్చాను. అదే వారం ప్లంబర్‌ని పిలిచి డ్రెయిన్‌ని మురుగు లైన్‌కి కలిపించాను. ఇంటికి మురుగు లైన్ ఉండి కూడా సాఫ్ట్‌నర్ నీళ్ళు గుంతకో, తోటకో వదులుతున్నవాళ్ళు దయచేసి ఈ ఆదివారమే ఆ పైపు ఎక్కడికెళ్తోందో చూడండి. మిగతావేవీ చేయకపోయినా పర్లేదు.

అయితే మురుగు లైన్‌కి కలిపేస్తే చేతులు కడిగేసుకున్నట్టు కాదు. నగరం మురుగు చివరికి మూసీలో కలుస్తుంది. శుద్ధి ప్లాంట్లు మలినాలని తీస్తాయి కానీ కరిగిన ఉప్పుని తీయవు. మా అమ్మమ్మగారి ఊరు వలిగొండ వైపు. మూసీ మీద కట్టిన కత్వల నుంచి కాలవల్లో వచ్చే నీళ్ళతోనే అక్కడ వరి వేస్తారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ కాలవల్లోనే ఈతలు కొట్టాం, ఇప్పుడు కాలు పెట్టాలన్నా జంకుతాం, అది వేరే ఏడుపు. నేను బాచుపల్లిలో షవర్ మెరవడానికి పోసిన ఉప్పు మా మామయ్య పొలానికి చేరుతుందంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు, దారి అంతా దిగువకే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన బాధ కాదు. కాలిఫోర్నియాలో శాంటా క్లారిటా అని లాస్ ఏంజెలెస్‌కి పైన ఒక లోయ ఉంది. అక్కడ ఇళ్ళ సాఫ్ట్‌నర్ల ఉప్పు మురుగు ద్వారా నదిలో కలిసి, దిగువన స్ట్రాబెర్రీలూ అవకాడోలూ పండించేవాళ్ళకి ముప్పని తేలింది. క్లోరైడ్ ఎక్కువైతే ఆ పంటలు తట్టుకోలేవు. 2003లో కొత్త సాఫ్ట్‌నర్లు పెట్టకూడదన్నారు. 2008 నవంబరులో ప్రజలే ఓటేసి పాతవాటిని కూడా పీకేయాలని తీర్మానించారు. ప్లాంటులో ఉప్పు తీసే యంత్రాలు పెట్టడం కన్నా ఇళ్ళల్లో ఉప్పు ఆపడం చాలా చవక అన్నది వాళ్ళ లెక్క. మన దగ్గర అలాంటి నిషేధం రావాలని నేననడం లేదు. మా ఇంట్లోనే ఇంకా సాఫ్ట్‌నర్ ఉంది, పీకేసే ధైర్యం నాకు లేదు. కానీ 90 కిలోల పని 22 కిలోలతో అయిపోతున్నప్పుడు, ఆ మిగతా 68 కిలోలకి ఏ సమర్థనా లేదు. కంపెనీలు హార్డ్‌నెస్ కొలిచి, ఇంట్లో వాడకం అడిగి, ఆ రెండు సంఖ్యలు కార్డు మీద రాసి సంతకం పెట్టి వెళ్ళాలి. అది చేయని ఇన్‌స్టలేషన్‌కి మనం డబ్బులు కట్టకూడదు. ఆఫీసులో రివ్యూ లేకుండా ఒక్క లైను కోడ్ లోపలికి పోనివ్వం కదా.

రెండో సంగతి ఇంకా దగ్గరిది. మా ప్లంబర్ వంటింటి కొళాయిని కూడా సాఫ్ట్‌నర్ లైన్‌కే కలిపాడు. తాగడానికి ఆర్వో ఉంది కాబట్టి ఏం కాదులే అనుకున్నాం. ఆర్వో సోడియంని చాలామటుకు తీసేస్తుంది, నిజమే. కానీ మా నాన్నకి ఆర్వో నీళ్ళు నచ్చవు. "సప్పగుంటయ్, దూప తీరది" అంటాడు. ఆయన మాకెవరికీ చెప్పకుండా వంటింటి కొళాయి నీళ్ళే పట్టుకుని, కాచి, రాగి చెంబులో పోసుకుని తాగుతున్నాడు. కాస్తే సోడియం ఎక్కడికీ పోదు.

ఈ లెక్క వేసినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. ప్రతి 100 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్‌కీ 46 మిల్లీగ్రాముల సోడియం. మా 480కి లీటరుకి 220. ఆయన రోజుకి మూడు లీటర్లు తాగుతాడు, అంటే 660 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 2,000 లోపు ఉండాలంటుంది. మూడో వంతు నీళ్ళలోనే అయిపోయింది, అన్నం, పప్పు, చాయ్ ఇంకా లెక్కలోకి రాలేదు. ఆయనకి పదేళ్ళుగా బీపీ. అమ్మ ఆయన కోసం కూరల్లో ఉప్పు సగానికి తగ్గించి, ఊరగాయ జాడీ పై అరలో దాచిపెట్టి, రోజూ ఆయనతో పోట్లాడుతోంది. నేనేమో వెనక వరండాలోంచి పైపులో పంపిస్తున్నాను.

ఆయన బీపీ ఆ ఏడాది పెరిగి డాక్టరు మాత్ర మార్చారు. ఇందువల్లే పెరిగిందని నేననను, అరవై తొమ్మిదేళ్ళ మనిషికి సవాలక్ష కారణాలు ఉంటాయి. డాక్టరు "ఉప్పు ఎక్కువ తింటున్నారా" అని అడిగితే ఆయన "లేదు సార్, ఇది తిననిస్తలేదు" అని అమ్మ వైపు చూపించాడట. అమ్మ నాకు నవ్వుతూ చెప్పిన మాట అది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు వంటింటికి వేరే లైన్. సాఫ్ట్‌నర్‌కి ముందే చీల్చి తెచ్చిన మామూలు నీళ్ళు. నాన్నకి జలమండలి నీళ్ళు వేరే పట్టి, వడకట్టి, కాచి ఇస్తున్నాం. రుచి బాగుందన్నాడు. మీ ఇంట్లో బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్ళు ఉంటే, వంటింటి కొళాయి ఏ లైన్‌కి కలిసిందో చూసి వాళ్ళ డాక్టరుకి చెప్పండి. మొక్కలకి కూడా ఈ నీళ్ళు వద్దు, సోడియం మట్టిని పాడుచేస్తుంది.

అన్నట్టు, నాన్నది నల్గొండ జిల్లా కాబట్టి వెంటనే అడిగిన ప్రశ్న, "ఇది ఫ్లోరైడ్ తీస్తదా?" అని. తీయదు. రెజిన్ పట్టుకునేది ధనావేశం ఉన్నవాటిని, ఫ్లోరైడ్‌ది రుణావేశం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరుంది, నాగపూర్‌లోని నీరి వాళ్ళు తయారుచేశారు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో "సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే అన్నీ పోతాయి" అని అమ్మేవాళ్ళు ఉంటే తరిమేయండి.

ఇక మెయింటెనెన్స్ గురించి, నేను పడ్డ తిప్పలు కొన్ని. కరెంటు పోయినప్పుడల్లా మా వాల్వు గడియారం ఆగిపోయేది. ఆగి ఆగి, రాత్రి రెండింటికి నడవాల్సిన పని పొద్దున్న ఏడింటికి వచ్చింది. రీజనరేషన్ జరుగుతున్న గంటా గంటన్నర ఇంట్లోకి మామూలు గట్టి నీళ్ళే వస్తాయి, అందరూ స్నానాలు చేసే టైముకి సబ్బు నురగ రాదు. "మళ్ళీ పాడైంది నీ మిషను" అని మా ఆవిడ. నేను రెజిన్‌ని అనుమానించాను, తప్పు గడియారానిది. లోపల బ్యాటరీ ఉండే వాల్వయితే ఈ గోల ఉండదు.

ఉప్పు డబ్బా నిండా ఉన్నా గట్టి నీళ్ళు వస్తుంటే ఉప్పు పైన పెచ్చు కట్టిందేమో చూడండి. వానాకాలం తేమకి పైన గట్టి పొర ఏర్పడి, కింద ఖాళీ అయిపోతుంది. నీళ్ళకి ఉప్పు అందదు. చీపురు కర్ర తిరగేసి మెల్లగా పొడిస్తే కూలిపోతుంది. గునపంతో పొడిచి డబ్బాకి కన్నం పెట్టినవాణ్ణి నాకు తెలుసు (పేరు చెప్పను, మా తమ్ముడే). డబ్బా నిండా ఎప్పుడూ నింపకండి, సగానికి కాస్త పైదాకా చాలు. చవగ్గా వస్తుందని మట్టి కలిసిన రాళ్ళ ఉప్పు వేస్తే అడుగున బురద మిగిలి, అది వెళ్ళి ఇంజెక్టరులో కూర్చుంటుంది. ఉప్పు నీళ్ళని లాగే ఆ సన్న కన్నం మూసుకుపోతే రీజనరేషన్ పేరుకే జరుగుతుంది. బోరు ఇసుక వల్ల కూడా ఇదే అవుతుంది. బైపాస్ తిప్పి, ప్రెషర్ వదిలేసి, ఇంజెక్టరు ఊడదీసి గోరువెచ్చని నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో తోమితే సరిపోతుంది. నేను ఆర్నెల్లకోసారి చేస్తున్నాను.

ఉప్పు బొత్తిగా తగ్గకపోయినా అనుమానించాల్సిందే. నా ఫ్రెండొకడు "మాది మీదాన్లా కాదురా, ఆర్నెల్లయినా ఒక్క బస్తా దాటలేదు" అని గొప్పలు పోయాడు. వెళ్ళి చూస్తే ఓవర్‌హెడ్ ట్యాంకు కింద నేరుగా తగిలించారు, మధ్యలో ప్రెషర్ పంపు లేదు. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటేగానీ ఒక కిలో ప్రెషర్ రాదు, వాడిదేమో ఒకటే అంతస్తు. ఆ ప్రెషర్‌కి ఇంజెక్టరు ఉప్పు నీళ్ళని లాగలేదు. ఆర్నెల్లుగా వాడు గట్టి నీళ్ళతోనే స్నానం చేస్తూ, జుట్టు ఊడటం తగ్గిందని నాతో ప్రమాణం చేశాడు :)

నెలకోసారి చుక్కల కిట్‌తో లోపలికీ బయటికీ కొలిచి, రీఫిల్ నిమిషాలు, మీటరు లీటర్లు, తారీఖు వాల్వు పక్కన గోడమీద పెన్సిలుతో రాస్తున్నాను. మే నెలలో లోపలికి 540 వచ్చింది, అప్పుడు 2,000ని 1,800కి తగ్గించాను. గుంత దగ్గరి బోరు టీడీఎస్ కూడా రాస్తున్నాను, దానికి మాత్రం ఆ పెన్ను మీటరు పనికొస్తుంది. పైపు మార్చాక రెండు వానాకాలాలు గడిచాయి. మొదటి ఏడు అంకె కదల్లేదు. రెండో ఏడు 780 నుంచి 730కి వచ్చింది. వానలు ఎక్కువ పడ్డందుకో, ఉప్పు ఆపినందుకో తెలియదు. పక్కింటి పెద్దావిడ బోరు కూడా కొలిచి ఇమ్మంది, వచ్చే ఆదివారం వెళ్తున్నాను.